మా పెదనాన్న కట్టిన విమానాన్ని తూకానికి పోనివ్వకండి: బెంగళూరు ఏరోనాటికల్ డిపార్ట్‌మెంట్లకి, మ్యూజియం వాళ్ళకి బహిరంగ లేఖ

బెంగళూరులో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ నేర్పే కాలేజీల హెచ్.ఓ.డీలకి, మ్యూజియంలు చూసుకునే సార్లకి, మేడమ్‌లకి,

నమస్కారం. నేనెవరో మీకు తెలీదు, నాది ఏరోనాటిక్స్ కూడా కాదు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సొంతూరు హిందూపురం దగ్గర పల్లె. రామమూర్తి నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ళింటి వెనక రేకుల షెడ్డులో ఒక విమానం ఉంది. బొమ్మ కాదు, రిమోట్‌తో ఎగరేసేది కాదు, మనిషి కూర్చుని నడిపే ఒక్క సీటు విమానం. మా పెదనాన్న దాన్ని తనే డిజైన్ చేసుకుని 1993 నుంచి 2005 దాకా పన్నెండేళ్ళు తన చేతుల్తో కట్టాడు. ఎవరి ప్లాన్లూ కొనలేదు, ఏ కిట్టూ తెప్పించలేదు, అందుకే అట్లాంటిది ఇంకోటి ఎక్కడా లేదు, ఇదొక్కటే.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు, సంక్రాంతి లోపు ఖాళీ చెయ్యాలి. పోయిన వారం శివాజీనగర్ నుంచి ఒక గుజరీ ఆయన వచ్చి చూసి, ఇనుముకి కిలో ఇంత, అల్యూమినియంకి ఇంత, ఇంజన్‌కి విడిగా ఇంత అని లెక్క చెప్పి, రెక్కల్ని కాలితో కాదు పాపం చేత్తోనే తట్టి, ఈ కట్టెలు నాకొద్దమ్మా మీరే నీళ్ళ పొయ్యికి వాడుకోండి అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన వ్యాపారం అది. కానీ పెద్దమ్మ ఆ మాటకి షెడ్డు గడప మీద కూర్చుండిపోయింది, మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ రాత్రి నుంచి ఈ లెటర్ రాస్తా ఉన్నా.

ముందు నేను అడిగిన చోట్ల గురించి చెప్పాలి. పేర్లు చెప్పను, ఎవర్నీ తప్పు పట్టడానికి రాయట్లేదు. ఒక కాలేజీ వాళ్ళు వచ్చి చూసి ఇంజన్ మాత్రం ఇవ్వండి, ల్యాబ్‌లో కోసి లోపల చూపిస్తాం, మిగతాది పెట్టుకోవడానికి జాగా లేదన్నారు. ఇంకోచోట ఫోన్‌లోనే, అది ఎగిరిందా అని అడిగారు. లేదండీ అన్నాను. అయితే దాన్ని విమానం అని ఎట్లా పెడతాం అన్నారు. ఆ ప్రశ్నకి అప్పుడు నాకు సమాధానం తోచలేదు, ఇప్పుడు చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పెదనాన్న పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద పెద్ద విమానాల ఫ్యాక్టరీలో స్ట్రెస్ గ్రూప్‌లో ముప్పై ఏళ్ళు చేశాడు. స్ట్రెస్ అంటే మనం అనుకునే టెన్షన్ కాదు, ఏ ముక్క మీద ఎంత బరువు పడుతుంది, ఎక్కడ విరుగుతుంది అని లెక్కేసే పని. ఆయన లెక్కేసిన ముక్కలు పెద్ద పెద్ద విమానాల్లో ఎగిరాయి, కానీ మొత్తం విమానం ఎప్పుడూ ఆయన చేతిలోకి రాలేదు, వందల మంది కలిసి చేసే పని కదా అది. 1987లో ఎన్.ఏ.ఎల్ వాళ్ళు (విమానాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ ల్యాబ్) అమెరికా డిజైనర్ బర్ట్ రూటాన్ లాంగ్-ఈజీ డిజైన్ ఆధారంగా కట్టిన చిన్న కెనార్డ్ విమానం, అంటే చిన్న రెక్క తోక దగ్గర కాకుండా ముందువైపు ఉండేది, బెంగళూరు మీద ఎగిరింది. చిన్న విమానం అయితే ఒక మనిషి బుర్రలో మొత్తం పడుతుంది అనే ఆలోచన ఆయనకి అప్పుడే పట్టుకుందంట. 1993లో అదే ఎన్.ఏ.ఎల్ వాళ్ళ హంస అనే రెండు సీట్ల చిన్న విమానం ఎగిరిన సంవత్సరమే ఈయన ఇంట్లో మొదటి నోట్‌బుక్ తెరిచాడు.

ఆ విమానం కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా, పెద్దమ్మ ఇంటి నుంచి. షెడ్డు పొడుగు 14 అడుగులు, అందుకే ఒక్కో రెక్క 4 మీటర్లు దాటలేదు, మధ్యలో 1.2 మీటర్ల ముక్క విడిగా, మొత్తం కలిపితే 9.2 మీటర్లు. గేటులోంచి బయటికి రావాలి కాబట్టి చక్రాల మధ్య దూరం గేటు వెడల్పుకి ఒక జానెడు తక్కువ. టాటా 407 లారీలో పట్టాలి కాబట్టి తోక భాగం బోల్టులు తీస్తే విడిపోతుంది. లారీకి, గేటుకి, షెడ్డుకి సరిపడేట్టు గీసి, ఆ తర్వాత అది గాలిలో నిలబడుతుందా అని లెక్క చూసి, నిలబడకపోతే మళ్ళీ గీసి, ఇట్లా రెండేళ్ళు కాగితం మీదే జరిగింది.

నాకు బాగా ఇష్టమైన పేజీ మూడో నోట్‌బుక్‌లో ఉంది. లెక్కలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఆ పేజీ పైన మాత్రం తెలుగులో 'బెంగళూరు గాలి, ఏప్రిల్' అని హెడ్డింగ్ పెట్టుకున్నాడు. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, అంటే గాలి ముందే పలచన. ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండలో గాలి ఇంకా పలచబడి, విమానం వరకు అది 6,000 అడుగుల ఎత్తులో ఉన్న లెక్కే. ఆయన పెట్టింది రోటాక్స్ 503 ఇంజన్, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, పుస్తకంలో దాదాపు 50 హార్స్ పవర్ అని ఉంటుంది, ఆ గాలిలో 42 వస్తే గొప్ప. రెక్కకి కూడా అదే కష్టం, పలచటి గాలిలో అంతే బరువు మొయ్యాలంటే ఇంకా స్పీడ్‌గా పోవాలి. మొదట 11.5 చదరపు మీటర్లు అనుకున్న రెక్కని ఆ పేజీ దగ్గరే 13.5కి పెంచాడు. చెన్నైలో సముద్ర మట్టం దగ్గర బాగా ఎగిరే డిజైన్ ఇక్కడ ఆయాసపడుతుంది, అందుకని ఇది అచ్చంగా బెంగళూరు కోసం గీసిన విమానం. రన్‌వే, గాలి, ఎండ అన్నీ ఇక్కడివి లెక్కలోకి తీసుకుని ఒక మనిషి ఒంటరిగా గీసిన డిజైన్ మీ స్టూడెంట్లకి ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

కట్టె విషయం. విమానాలకి వాడే తేలికైన కట్టె స్ప్రూస్, మంచిది తెప్పించే డబ్బు లేదు, డగ్లస్ ఫర్ అనే ఇంకో కట్టె దొరికింది, అది స్ప్రూస్ కంటే కాస్త బరువు కానీ బలంగానే ఉంటుంది. మైసూరు రోడ్డు వైపు టింబర్ యార్డులకి ఆదివారాలు పోయి ఒక్కో పలక తిప్పి చూసేవాడంట. కట్టెలో నార 15 అంగుళాల పొడుగులో 1 అంగుళం కంటే ఎక్కువ పక్కకి పోతే ఆ పలక విమానానికి పనికిరాదు, అది విమానం కట్టెకి ఉన్న రూలు. అరవై పలకలు చూస్తే నాలుగు తెచ్చుకునేవాడు. యార్డ్ ఓనర్‌కి మొదట కోపం వచ్చేది, తర్వాత ఆయనే మంచి పలకలు పక్కన పెట్టి ఫోన్ చేసేవాడని పెద్దమ్మ చెప్తుంది.

ఇంకో పెట్టె ఉంది, దాని గురించి తప్పక చెప్పాలి. పాత బ్రిటానియా బిస్కెట్ డబ్బాలు ఐదు. వాటి నిండా విరిగిన కట్టె ముక్కలు. ఎపాక్సీ జిగురు కలిపిన ప్రతిసారీ, రెక్కకి పూసిన ఆ జిగురుతోనే రెండు చిన్న ముక్కలు అంటించి, ఆరిన తర్వాత వైస్‌లో పెట్టి విరిచేవాడు. కట్టె విరిగితే జిగురు మంచిదని, అతుకు దగ్గర ఊడితే ఆ రోజు చేసిన పని మొత్తం తీసెయ్యాలని. ప్రతి ముక్క మీద తేదీ, ఆ రోజు ఎండా వానా, ఏ రిబ్బుకి (రెక్కకి ఆకారం ఇచ్చే అడ్డ చట్రం) వాడాడో నంబరు. 31 రిబ్బులు ఉన్నాయి రెక్కలో, ఒక్కదానికి కూడా ముక్క లేకుండా లేదు. 1998 జూలైలో రెండు ముక్కలు అతుకు దగ్గర ఊడాయి, ఆ వారం వానలు, తేమ ఎక్కువ. ఆ తేదీ రిబ్బులు రెండూ పగలగొట్టి కొత్తవి చేశాడు, పగలగొట్టినవి కూడా దాచాడు, వాటి మీద కూడా ఎందుకు పగలగొట్టాడో రాసుంది. నేను చేసేదే టెస్టింగ్ పని, ఇరవై మంది టీం ఉండి కూడా మేము ఇంత నిజాయితీగా రికార్డు పెట్టలేదు ఎప్పుడూ, ఇది మనస్ఫూర్తిగా అంటున్న మాట.

గుడ్డ పని పెద్దమ్మది. రెక్క మీద పాలిస్టర్ గుడ్డ పరిచి అంటించాక ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే అది ముడుచుకుని డప్పులాగా బిగుసుకుంటుంది, వేడి ఎక్కువైతే గుడ్డ బలం పోతుంది, తక్కువైతే వదులుగా ఉండిపోతుంది. పెదనాన్న ఇస్త్రీ పెట్టె డయల్ మీద థర్మామీటర్ పెట్టి గీతలు గీసి ఇచ్చాడు, ఎడమ రెక్క మొత్తం ఆవిడే చేసింది. ఆ తర్వాత గుడ్డని ప్రతి రిబ్బుకీ మైనం పూసిన దారంతో కుట్టాలి, గాలి పైకి లాగినప్పుడు గుడ్డ ఊడిరాకుండా. మల్లెపూలు మాల కట్టినంత వేగంగా ముళ్ళు వేసేది, ఆయన ఒకటి వేసేలోపు ఈవిడ మూడు. ఇప్పటికీ ఆ ముళ్ళు వేళ్ళతో తడిమితే తెలుస్తాయి, ఒకటి కూడా జారలేదు.

ఇసుక రోజు నాకు బాగా గుర్తు. 2001 వేసవి, నాకు పదేళ్ళు, సెలవులకి వచ్చా. అప్పట్లో పక్క సైట్ ఖాళీ, దాని పక్క ఇంటివాళ్ళు పైన ఫ్లోర్ కడుతూ ఇసుక తోలించుకున్నారు, సాయంత్రానికి తిరిగి పోస్తామని చెప్పి తీసుకున్నాం. విమానాన్ని తలకిందులు చేసి, రెక్కలు బిగించి, స్ట్రట్లు, అంటే రెక్కని బాడీకి ఊతగా పట్టే కడ్డీలు, తగిలించి స్టాండ్ల మీద పెట్టారు. తలకిందులు ఎందుకంటే గాలి రెక్కని పైకి తోస్తుంది, తిరగేస్తే ఇసుక బస్తా కిందికి లాగేది అదే దిక్కు అవుతుంది. మొత్తం బరువు 290 కిలోలు, 3.8 రెట్లు తట్టుకోవాలి, అందులోంచి రెక్కల సొంత బరువు లెక్క తీసేసి, తిరగేసినప్పుడు రెక్క బరువు ఎట్లాగూ లోడ్‌లోకే వస్తుంది కాబట్టి అదీ తీసేస్తే 870 కిలోల ఇసుక. అన్ని బస్తాలూ ఒకేలా పెట్టకూడదు, మధ్యలో ఎక్కువ, కొసలకి తక్కువ, ఏ రిబ్బు దగ్గర ఎన్ని కిలోలో చాక్‌పీసుతో రాసిపెట్టాడు. మా నాన్న, చిన్నాన్న, వీధిలో నలుగురు, కుడివైపు ఒకటి ఎడమవైపు ఒకటి పెడుతూ పోయారు. 600 దాటాక ఎక్కడో టిక్ అని చిన్న సౌండ్ వచ్చింది. అందరూ బస్తాలు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. పెదనాన్న స్పార్‌కి, అంటే రెక్క పొడుగునా ఉండే దూలానికి, చెవి ఆనించి కొంచెంసేపు విని, టార్చి వేసి చూసి, స్ట్రట్ పిన్ను సర్దుకుంది, పెట్టండి అన్నాడు. 870కి కొస 11 సెంటీమీటర్లు దిగింది. పది నిమిషాలు అట్లాగే ఉంచి, బస్తాలన్నీ తీసేస్తే 2 మిల్లీమీటర్ల తేడాలో మళ్ళీ మొదటి చోటికే వచ్చింది. ఆయన ఏమీ అరవలేదు, గంతులెయ్యలేదు, లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చి అందరికీ మజ్జిగ పొయ్యమన్నాడు. ఆ చాక్‌పీసు అంకెల ఫోటోలు కూడా ఉన్నాయి, రీల్ కెమెరావి.

ఇక ఎగరడం. 2005 మేలో విప్పి లారీలో మా ఊరికి తీసుకెళ్ళాం, చెరువు ఎండిపోయి గట్టిగా చదునుగా ఉండింది. మొదటి రోజు నెమ్మదిగా నడిపాడు, ఎడమ రెక్క కొస నేను పట్టుకుని పక్కనే నడిచా, కుడివైపు మా చిన్నాన్న కొడుకు. మూడో రోజు స్పీడ్ పెంచాడు, 45 దగ్గర తోక లేచింది, 55 దాకా పోయాడు. నేల వదలాలంటే 60 పైన కావాలని ఆయన లెక్క. ఆ స్పీడ్‌లో విమానం చక్రాల మీద ఉన్నట్టు ఉండదు, తేలికైపోతుంది, గట్టు మీద ఉన్న మాకే కనిపించింది. ఊరంతా వచ్చి, అయ్యా లేపు, ఒక్కసారి లేపు అని కేకలు. ఆయన థ్రాటిల్ తగ్గించేశాడు. అనుమతి కాగితాలు లేకుండా, అనుభవం ఉన్న టెస్ట్ పైలట్ లేకుండా నేల వదిలేది లేదని ముందే రాసి పెట్టుకున్నాడు, అట్లాగే నడుచుకున్నాడు. తర్వాతి సంవత్సరం గుండెకి బైపాస్ అయింది, ఆ తర్వాత డాక్టర్లు వద్దన్నారు, అక్కడే ఆగిపోయింది.

నాకు అప్పుడు కోపం వచ్చింది, ఒప్పుకుంటా, ఒక అడుగు ఎత్తు లేపితే ఏం పోయేదని. పెద్దయ్యాక అర్థమైంది. ఆయన నాకు ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే కథ చెప్పేవాడు. 1933లో ఆ మిన్యే ముందొకటి వెనకొకటి రెండు రెక్కలున్న ఒక చిన్న విమానం ఎగరేసి, ఎవరైనా ఇంట్లో కట్టుకోవచ్చని పుస్తకం రాస్తే యూరప్ అంతా జనం కొట్టాల్లో కట్టేసుకున్నారు, వరసగా మనుషులు చనిపోయారు. 1936లో విండ్ టనెల్‌లో పెట్టి చూస్తే, ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగితే ఆ రెండు రెక్కల అమరికలో ఇక పైకి లేపలేరని తేలింది. మిన్యే చెడ్డోడు కాదు రా, తెలివైనోడు, ఆ ఒక్క మూల చూడలేదు, నేను చూడని మూల ఏదో నాకెట్లా తెలుస్తుంది అనేవాడు పెదనాన్న. ఆ మాట అన్న మనిషి 55 దగ్గర థ్రాటిల్ తగ్గించడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ఫోన్‌లో అడిగిన సార్‌కి నా సమాధానం ఇది: అది ఎగరలేదు, ఎగరకుండా ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో దాని నోట్‌బుక్‌లోనే ఉంది, మీ స్టూడెంట్లు చదవాల్సింది ఆ పేజీ కూడా.

ఇట్లాంటివి వేరే చోట్ల ఎట్లా చూసుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో ఇంట్లో విమానాలు కట్టుకునే వాళ్ళకి 1953 నుంచి సొంత సంఘమే ఉంది, అక్కడ సగం కంటే ఎక్కువ పని సొంతంగా చేసుకుంటే ప్రత్యేకమైన కేటగిరీలో సర్టిఫికెట్ ఇస్తారు. రూటాన్ 1996లో ఎగరేసిన బూమరాంగ్, రెండు ఇంజన్లు ఒకదానికొకటి పోలిక లేకుండా వంకరగా ఉంటుంది, అదీ ఒక్కటే కట్టాడు, దాన్ని ఎంత గౌరవంగా చూస్తారో. మన దేశంలో కూడా ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడ మీద విమానం కట్టి ఏళ్ళ తరబడి తిరిగి 2017లో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాడు, ఆ వార్త వచ్చిన రోజు పెదనాన్న పేపర్ కత్తిరించి షెడ్డులో గోడకి అంటించాడు, ఇంకా ఉంది. మన బెంగళూరుకి ఎంత చరిత్ర ఉంది, 1951లో హెచ్.టి-2 అనే శిక్షణ విమానం ఎగిరింది ఇక్కడే, 1958లో పుష్పక్ అనే చిన్న విమానం ఇక్కడే. కస్తూర్బా రోడ్డు మ్యూజియంలో రైట్ బ్రదర్స్ ఫ్లయర్ నమూనా అసలు సైజులో ఉంది, చిన్నప్పుడు పెదనాన్నే నన్ను తీసుకెళ్ళి దాని కింద నిలబెట్టి తీగలు ఎందుకున్నాయో గంటసేపు చెప్పాడు. ఆ తీగలు చూసే పిల్లలకి పక్కనే, ఇది రామమూర్తి నగర్‌లో కట్టింది అని ఒకటి చూపిస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

డబ్బు అడగట్లేదు. ఒక్క పైసా వద్దు. మొత్తం ఒకచోట ఉండాలి, అదే మా కోరిక. విమానం, పదకొండు నోట్‌బుక్‌లు, డ్రాయింగ్ రోల్స్, బిస్కెట్ డబ్బాలు, రిబ్బులు చేసిన జిగ్ (అచ్చు), పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె. ఇంజన్ విడిగా ఇవ్వం, దయచేసి అడగొద్దు. పైన కప్పు ఉండాలి, అది కట్టె, గేటు దగ్గర స్తంభం మీద పెట్టి ఎండకీ వానకీ వదిలేస్తే రెండేళ్ళలో జిగురు వదిలేస్తుంది, పాత ఫైటర్ విమానాల్ని పెట్టినట్టు దీన్ని పెట్టలేం. ఎగరెయ్యాలని ప్రయత్నించొద్దు, ఇరవై ఏళ్ళ నాటి గుడ్డ, జిగురు. కానీ తాళం వేసి అద్దాల వెనక పెట్టమని కూడా అనను. మీ పిల్లలు దాన్ని తూకం వెయ్యనీండి, సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఎక్కడుందో కొలవనీండి, ఖాళీ బరువు 181 కిలోలని ఆయన రాశాడు, కిరాణా షాపు నుంచి అరువు తెచ్చిన మూడు కాటాల మీద తూచిన లెక్క అది, నిజమో కాదో చూడనీండి. రెక్క లెక్క మొత్తం ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ చెయ్యనీండి. తప్పు దొరికితే ఆయన నోట్‌బుక్ పక్కన ఇంకో నోట్‌బుక్ పెట్టి రాసిపెట్టండి, ఆయన ఉంటే ఆ పిల్లల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఎక్కడ తప్పానో చెప్పమనేవాడు.

విమానం బాగానే ఉంది. చెదలు పట్టకుండా స్టాండ్ కాళ్ళకి కింద కిరసనాయిలు కలిపిన నీళ్ళ గిన్నెలు పెట్టి, పాల గిన్నెకి చీమలు పట్టకుండా పెట్టినట్టే, పెద్దమ్మ మూడేళ్ళుగా ప్రతి సోమవారం మారుస్తోంది. ఇంజన్‌లో ఆయన చివరిసారి ఆయిల్ పోసి ప్లగ్గులు బిగించి కట్టిన ట్యాగ్ అట్లాగే ఉంది. ఆదివారాలు నేను అక్కడే ఉంటా, ఎవరైనా ఒక్కసారి వచ్చి చూడండి, చూశాక వద్దనుకుంటే వద్దనండి, ఫోన్‌లో మాత్రం వద్దనకండి.

తీసుకెళ్తామంటే నలుగురు మనుషులు, ఒక గంట చాలు, రెక్కకి స్ట్రట్ పిన్నులు, మధ్య ముక్క దగ్గర రెండు బోల్టులు, తోకకి నాలుగు, ఏ వరసలో విప్పాలో ఆయనే రాసి షెడ్డు తలుపు వెనక అంటించాడు. 407 లారీ ఖర్చు మేమే పెట్టుకుంటాం. పాత దుప్పట్లు పెద్దమ్మ ఉతికి పెట్టింది. ఎడమ రెక్క కొస దగ్గర మాత్రం నన్ను ఉండనివ్వండి.

ఇట్లు,
రామమూర్తి నగర్ నుంచి ఒక తమ్ముడి కొడుకు